ఉంచుకున్నారా, మార్చుకున్నారా, వదిలేశారా?

రంజాన్ నెలలో బహదూర్‌పురా రాత్రిపూట పడుకోదు. తరావీ నమాజు ముగిసినప్పటి నుంచి సహర్ వేళ దాకా దొరికే నాలుగైదు గంటల్లో పాతబస్తీ కుర్రాళ్లు టెన్నిస్ బంతి క్రికెట్ ఆడేస్తారు. గల్లీకో జట్టు. లీగ్ మ్యాచ్‌లన్నీ గల్లీ పోరగాళ్లతోనే గడిచిపోతాయి. సెమీఫైనల్ గెలిచిన రాత్రి పంచాయతీ మొదలవుతుంది. ఫైనల్‌కు బయటి ప్లేయర్‌ను తెద్దామా వద్దా? టోలీచౌకీ నుంచో మెహదీపట్నం నుంచో చేయి తిరిగిన ఫాస్ట్ బౌలర్‌ను పిలిపిస్తే బండికి పెట్రోలు, ఆట అయ్యాక బిర్యానీ, చేతిలో కొంత పైసా. వాడికి చోటివ్వడానికి పక్కకు జరగాల్సింది నెలంతా బంతి వేసిన పదిహేడేళ్ల పిల్లాడు. "కప్పు వస్తే గల్లీకే కదా భాయ్" అంటాడు కెప్టెన్. "మరి వచ్చే రంజాన్‌కు ఆ బయటోడు వస్తాడా?" అని ఆ పిల్లాడి అన్న అడుగుతాడు. ఇద్దరూ అన్నది సబబే. అందుకే ఆ పంచాయతీ ఏటా జరుగుతుంది, ఏటా తెగదు.

వంద కోట్ల పైచిలుకు పర్సుతో వేలంలో కూర్చునే ఫ్రాంచైజీల ముందున్నదీ ఇదే పేచీ. ఎదిగే కుర్రాడిని అట్టిపెట్టుకోవాలా, వాడిని ఇచ్చేసి ఇవాళే గెలిపించే స్టార్‌ను తెచ్చుకోవాలా? హైదరాబాద్ జట్లు 2008 నుంచి రెండు రకాలూ చేసి చూశాయి. క్రికెట్ ఒక్కటే కాదు, ఫుట్‌బాల్, కబడ్డీ కూడా కలిపితే ఈ ప్రశ్నకు కావలసినంత సాక్ష్యం మన ఊళ్లోనే ఉంది. ఆ పద్దు అంతా తిరగేస్తే నాకు తేలింది ఒకటే. కుర్రాళ్లను ఉంచుకోవడం వల్లా, మార్చుకోవడం వల్లా మన జట్లకు అప్పుడప్పుడూ నష్టం వచ్చింది గానీ, పెద్ద దెబ్బలన్నీ మూడో పని వల్ల తగిలాయి. ఉంచుకోకుండా, బదులు ఏమీ తీసుకోకుండా ఊరికే వదిలేయడం ఆ మూడో పని.

ఈ తగాదాను ఒక విద్యగా మార్చింది అమెరికా బేస్‌బాల్ జనం. అక్కడ ఒక్కో పెద్ద జట్టు కింద కొన్ని చిన్న లీగ్ జట్లుంటాయి. పద్దెనిమిదేళ్లవాడిని తెచ్చి అక్కడ వేస్తారు, మెల్లగా పైకి తెస్తారు. సెయింట్ లూయిస్ కార్డినల్స్‌లో బ్రాంచ్ రికీ ఈ ఏర్పాటుకు రూపం ఇచ్చి వందేళ్లయింది. పెద్ద జట్టులో అడుగుపెట్టాక కూడా ఆటగాడు దాదాపు ఆరేళ్లు ఆ జట్టు చేతిలోనే ఉంటాడు, అందులో తొలి ఏళ్లు తక్కువ జీతానికే. కాబట్టి అక్కడ కుర్రాడంటే ముందున్న ఆరేళ్ల చవక సేవ. దాన్ని తూకం వేయవచ్చు, అమ్మవచ్చు. 1987 ఆగస్టులో డెట్రాయిట్ టైగర్స్ సరిగ్గా అదే చేసింది. జాన్ స్మోల్ట్జ్ అనే ఇరవయ్యేళ్ల కుర్రాడిని అట్లాంటాకు ఇచ్చి డోయిల్ అలెగ్జాండర్ అనే ముప్ఫయ్యారేళ్ల పిచర్‌ను తెచ్చుకుంది. అలెగ్జాండర్ వచ్చిన దగ్గర్నుంచి తొమ్మిది మ్యాచ్‌లు గెలిపించాడు, ఒక్కటీ ఓడలేదు. డెట్రాయిట్ డివిజన్ గెలిచింది, ఆపై మెట్టులో ఓడింది. స్మోల్ట్జ్ 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు. 2016లో షికాగో కబ్స్ గ్లేబర్ టోరెస్ అనే కుర్రాడితో పాటు మరికొందరిని న్యూయార్క్ యాంకీస్‌కు ఇచ్చి ఆరోల్డిస్ చాప్‌మన్‌ను తెచ్చింది. 1908 తర్వాత మళ్లీ కప్పు కొట్టింది. చాప్‌మన్ ఆ సీజన్ అయిపోగానే తిరిగి యాంకీస్‌కే వెళ్లిపోయాడు. మొదటి బేరం తెలివితక్కువదని, రెండోది గొప్పదని లోకం అంటుంది. నాకు అంత తేడా కనిపించదు. డెట్రాయిట్ ఆ ఏడాదికి ఏం కావాలని అడిగిందో అది చాలావరకు దొరికింది, ధర ఎక్కువ పడింది. రెండు జట్లూ ఏమిస్తున్నాయో, ఏం తెస్తున్నాయో తెలిసే బేరం చేశాయి.

మన ఐపీఎల్‌లో ఆ ఆరేళ్లు లేవు. 2011, 2014, 2018, 2022, 2025 సీజన్ల ముందు పెద్ద వేలాలు జరిగాయి. అంటే మూడు నాలుగేళ్లకోసారి జట్టును దాదాపుగా విప్పేయాలి. ఇంతమందినే ఉంచుకోవచ్చని లెక్క, వాళ్లకు ఇంత కోయాలని లెక్క, మిగిలినవాళ్లు మళ్లీ వేలంలోకి. ఈ రోజు ఇరవై లక్షలకు కొన్న పిల్లాడు చేతికందే వేళకు పెద్ద వేలం వచ్చి పడుతుంది. నీళ్లు పోసింది ఒకరు, పండు తిన్నది ఇంకొకరు. అందుకే ఇక్కడ కుర్రాడి విలువ వాడి ప్రతిభతో పాటు వాడు క్యాలెండర్‌లో ఎక్కడ దొరికాడన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. ఇది తెలిసిన జట్టు పెద్ద వేలానికి ఏడాది ముందే తేల్చుకోవాలి, వీడిని ఉంచుకుంటామా, లేక ట్రేడ్ కిటికీ తెరిచి ఉన్నప్పుడే ఎవరికైనా ఇచ్చి మనకు లేనిది తెచ్చుకుంటామా అని.

ఈ విషయంలో బహదూర్‌పురాలోనే 1963లో తెరిచిన నెహ్రూ జూపార్కు మన ఫ్రాంచైజీల కంటే నయం. ఏదైనా జాతిలో పిల్లలు ఎక్కువైతే కేంద్ర జూ అథారిటీ అనుమతితో వేరే ఊరి జూకు ఇచ్చి, తన దగ్గర లేని జంతువును తెచ్చుకుంటుంది. గేటు తీసి పొమ్మనదు.

క్రికెట్‌లోకి వెళ్లే ముందు కాస్త వెనక్కి వెళ్లాలి. ఈ ఊరి పిల్లలు వేరే ఊరి జెండాకు ఆడడం ఐపీఎల్‌తో మొదలు కాలేదు. 1963లో కన్నుమూసేదాకా సయ్యద్ అబ్దుల్ రహీం చేతిలో పెరిగిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిన భారత జట్టుకు కోచ్ కూడా ఆయనే, ఆ జట్టు నిండా మనవాళ్లే. ఆ రోజుల్లో ఆటగాడిని కట్టి ఉంచిన తాడు పోలీసు కొలువు. నెల జీతం, క్వార్టర్, రిటైరయ్యాక పింఛను. కలకత్తా క్లబ్బులు అంతకంటే బరువైన తాడు విసిరాయి. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1966లో సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ అదే దారి పట్టారు. 1977లో పీలే కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌లో దిగినప్పుడు మోహన్ బగాన్ తరఫున ఎదురు నిలిచినవాళ్లలో హబీబ్ ఒకడు. వాళ్లు పోవడంలో తప్పు లేదు, ఆటగాడి ఆయుష్షు పదేళ్లు. పెంచిన ఊరికి మాత్రం దమ్మిడీ రాలేదు. అమెచ్యూర్ ఆట కాబట్టి బదిలీ రుసుము అన్న మాటే లేదు. ఆ డబ్బు వచ్చి ఉంటే, ఒక్కో హబీబ్‌కు బదులు పదిమంది పిల్లలకు బూట్లు, ఒక కోచ్‌కు జీతం దొరికేవి. 1960ల తర్వాత హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎండిపోవడానికి కారణాలు చాలా చెబుతారు. ఈ ఒక్కటి మాత్రం తక్కువగా చెబుతారు.

ఇక దక్కన్ చార్జర్స్. 2008లో తొలి వేలానికి ముందు వీవీఎస్ లక్ష్మణ్ ఐకాన్ హోదా వద్దనుకున్నాడు. ఐకాన్ ఆటగాడికి జట్టులో అత్యధిక ధర పలికినవాడి కంటే 15 శాతం ఎక్కువ ఇవ్వాలన్నది నియమం, ఆ సొమ్ము వేలంలో వాడుకోమన్నాడు. ఆ సొమ్ము ఉన్న పర్సుతోనే జట్టు ఆండ్రూ సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు కొంది. ఆడమ్ గిల్‌క్రిస్ట్, గిబ్స్, అఫ్రిదీ కూడా వచ్చారు. స్టార్లతో కిటకిటలాడిన జట్టు 14 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో దాదాపు అదే బలగం గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో కప్పు కొట్టింది. ఫైనల్లో బెంగళూరు మీద ఆరు పరుగుల గెలుపు. ఆ ఏడాది టోర్నీలో 23 ఏళ్లలోపు మేటి ఆటగాడిగా ఎంపికైనవాడు దక్కన్ కుర్రాడే. అతనే రోహిత్ శర్మ, తల్లి వైపు నుంచి విశాఖపట్నం అబ్బాయి.

2011 పెద్ద వేలానికి ముందు నలుగురి దాకా ఉంచుకోవచ్చన్నారు. మొదటివాడికి పర్సులో 18 లక్షల డాలర్లు కోత. చెన్నై, ముంబయి చెరో నలుగురిని ఉంచుకున్నాయి. బెంగళూరు ఒక్క విరాట్ కోహ్లీని ఉంచుకుంది. దక్కన్ ఒక్కరినీ ఉంచుకోలేదు. వేలంలో రోహిత్‌ను ముంబయి 20 లక్షల డాలర్లకు ఎగరేసుకుపోయింది. ఉంచుకుంటే అయ్యే ఖర్చు వేలం ధర కంటే రెండు లక్షల డాలర్లు తక్కువ. అదే వేలంలో దక్కన్ డేల్ స్టెయిన్‌కు 12 లక్షలు, కామెరాన్ వైట్‌కు 11 లక్షలు పెట్టింది. స్టెయిన్ మాట సరే, ఆ బంతికి ఎంత ఇచ్చినా తప్పు లేదు. వైట్ మాటేమిటి? రోహిత్ కెప్టెన్‌గా ముంబయి 2013, 2015, 2017, 2019, 2020ల్లో కప్పు ఎత్తింది. అందులో 2017, 2019 ఫైనళ్లు జరిగింది మన ఉప్పల్‌లోనే, రెండూ ఒక్కో పరుగు తేడాతో. మన మైదానంలో, మన జట్టు వదిలేసినవాడు రెండుసార్లు కప్పు ఎత్తుతుంటే చప్పట్లు కొట్టిన ఊరు మనది. "ముందే ఎలా తెలుస్తుంది?" అనేవాళ్లకు ఒకటే జవాబు. మూడు సీజన్లు మన డ్రెస్సింగ్ రూములోనే ఉన్నాడు, కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు. ఇంకేం తెలియాలి?

2012లో దక్కన్ చార్జర్స్ యాజమాన్యం అప్పుల్లో కూరుకుపోయి ఫ్రాంచైజీ పోగొట్టుకుంది. సన్ టీవీ కొత్త జట్టు పెట్టింది, సన్‌రైజర్స్. ఊరు మారలేదు, పేచీ మారలేదు.

సిరాజ్ సంగతి బహదూర్‌పురాలో మాట్లాడితే గొంతులు లేస్తాయి. ఫస్ట్ లాన్సర్ దగ్గర పెరిగినవాడు, ఆటో నడిపే తండ్రి కొడుకు, టెన్నిస్ బంతితో యార్కర్లు నేర్చినవాడు. రంజాన్ రాత్రి ఫైనల్‌కు ఏ గల్లీ అయినా పిలిపించాలనుకునే బౌలర్ అచ్చం ఇలాగే ఉంటాడు. 2016–17 రంజీలో 41 వికెట్లు తీశాక సన్‌రైజర్స్ 20 లక్షల కనీస ధర నుంచి 2.6 కోట్ల దాకా పాడి కొన్నారు. ఆరు మ్యాచ్‌ల్లో పది వికెట్లు తీశాడు. 2018 పెద్ద వేలానికి వార్నర్‌ను, భువనేశ్వర్‌ను ఉంచుకున్నారు. మిగిలిన మూడు ఆర్‌టీఎం కార్డులు (వేలంలో వేరే జట్టు పలికిన ధరకే తమ పాత ఆటగాడిని వెనక్కి తీసుకునే హక్కు) రషీద్ ఖాన్, శిఖర్ ధావన్, దీపక్ హుడాల మీద వాడేశారు. సిరాజ్‌ను అదే 2.6 కోట్లకు బెంగళూరు తీసుకుంది. ఏడేళ్లు అక్కడే ఆడాడు. 2025కు గుజరాత్ 12.25 కోట్లు పెట్టింది. రషీద్ కోసం కార్డు వాడడాన్ని ఎవరూ తప్పుపట్టరు. హుడా కోసం వాడిన 3.6 కోట్ల కార్డు మాత్రం గల్లీలో ఇప్పటికీ క్షమాపణ దొరకని నేరం.

ఇక్కడ ఒక చిక్కుముడి విప్పాలి. మన ఊళ్లో "కుర్రాళ్లను పెంచండి" అన్న మాట చాలాసార్లు "మన కుర్రాళ్లను తీసుకోండి" అన్న మాటగా మారిపోతుంది. 2021 వేలం తర్వాత జట్టులో హైదరాబాదీ ఒక్కడూ లేడని ఎమ్మెల్యే దానం నాగేందర్ గర్జించారు, అప్పట్లో హైదరాబాద్ క్రికెట్ సంఘం (హెచ్‌సీఏ) అధ్యక్షుడైన అజహరుద్దీన్ నిరాశ పడ్డారు. మరుసటి ఏడాది హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మను ముంబయి 1.7 కోట్లకు తీసుకుంటే ఆ మంట ఇంకా పెరిగింది. తిలక్ తొలి సీజన్‌లోనే 397 పరుగులు చేశాడు. అదే వేలంలో సన్‌రైజర్స్ నికొలస్ పూరన్‌కు 10.75 కోట్లు పెట్టి, ఏడాది తిరక్కుండానే వదిలేశారు. లక్నో అతడిని 16 కోట్లకు కొనుక్కుంది. అభిమానం వేరు, లెక్క వేరు అని నేను నమ్ముతాను. తిలక్ హైదరాబాదీ కాబట్టి కొనాలన్న వాదం నాకు రుచించదు. పంతొమ్మిదేళ్లకే అంత నిబ్బరంగా ఆడేవాడు కాబట్టి కొనాల్సింది. ఒక స్థానిక జట్టుకు స్థానిక పిల్లలను ముందుగా చూసే వీలుంటుంది, ఆ వీలును వాడుకోకపోవడం మాత్రం సోమరితనమే.

సన్‌రైజర్స్ చేసిన అతి మంచి పని ఒక స్టార్‌ను ఇచ్చేయడం. ఇది చాలామందికి గుర్తుండదు. 2018లో ఆర్‌టీఎం కార్డు వాడి 5.2 కోట్లకు తిరిగి తెచ్చుకున్న ధావన్ ఆ ధరతో సంతృప్తిగా లేడు, నిబంధనల ప్రకారం పెంచడానికీ లేదు. అలిగినవాడిని బలవంతంగా ఉంచుకోవచ్చు, పెద్ద వేలం దాకా లాగి ఊరికే వదిలేయనూవచ్చు. ఆ నవంబరులో వాళ్లు మరో పని చేశారు. ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చి ముగ్గురిని తెచ్చుకున్నారు. విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, 55 లక్షలకు ఢిల్లీ కొన్న ఓ పద్దెనిమిదేళ్ల పంజాబీ కుర్రాడు. అప్పటి వార్తల్లో శీర్షిక ధావన్ మీద, రెండో పంక్తి విజయ్ శంకర్ మీద. ఆ కుర్రాడి పేరు చివర్లో. అభిషేక్ శర్మ.

ఢిల్లీ నష్టపోలేదు. ధావన్ 2019లో 521 పరుగులు, 2020లో 618 పరుగులు చేసి జట్టును ఫైనల్ దాకా మోశాడు. ఇటు అభిషేక్ మూడు సీజన్లు ఎక్కువగా బెంచీ మీదే. ఎప్పుడైనా ఆడించినా ఏడో స్థానంలో, రెండు ఓవర్ల స్పిన్ కోసం. 2022 వేలంలో 6.5 కోట్లు పెట్టి తిరిగి కొన్నప్పుడు ఊరంతా ముక్కున వేలేసుకుంది. ఓపెనర్‌గా ఆ ఏడాది 426 పరుగులు చేశాడు, మరుసటి ఏడాది 226కే పడిపోయాడు. అక్కడ వదిలేస్తే కథ ముగిసేది. 2024లో మారింది అతడి బ్యాటు కాదు, అతడికి ఇచ్చిన పని. డేనియల్ వెటోరీ కోచ్‌గా, 20.5 కోట్ల కమిన్స్ కెప్టెన్‌గా వచ్చారు. 6.8 కోట్లకు తెచ్చిన ట్రావిస్ హెడ్ అవతలి కొస. మొదటి బంతి నుంచీ కొట్టు, అవుటైతే రేపూ నువ్వే ఓపెనర్‌వి అన్నారు. 484 పరుగులు, 42 సిక్సర్లు, వంద బంతులకు 204 పరుగుల వేగం. జట్టు 277, 287 స్కోర్లు చేసి ఫైనల్ చేరింది. చెన్నైలో జరిగిన ఆ ఫైనల్లో 113కే కుప్పకూలడం వేరే బాధ.

2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో ఆ పెట్టుబడి అంతా ఒక్క సాయంత్రం తిరిగొచ్చింది. పంజాబ్ 245 చేసింది. అభిషేక్ 28 దగ్గర గాల్లోకి లేపి దొరికిపోయాడు, అది నోబాల్. ఆ తర్వాత ఆగలేదు. హెడ్‌తో కలిసి తొలి వికెట్‌కు 171. సెంచరీ కాగానే జేబులోంచి చీటీ తీసి చూపించాడు, ఇది ఆరెంజ్ ఆర్మీకి అని రాసుంది. 55 బంతుల్లో 141 పరుగులు, పది సిక్సర్లు, ఎనిమిది వికెట్ల గెలుపు. ఢిల్లీ నుంచి వచ్చిన నవంబరుకూ ఆ సాయంత్రానికీ మధ్య ఆరేళ్లు గడిచాయి. కుర్రాడిని ఉంచుకోవడం అంటే జీతం ఇచ్చి కూర్చోబెట్టడం అనుకునేవాళ్లు ఈ ఆరేళ్లలో మొదటి మూడింటిని ఒకసారి, చివరి రెండింటిని ఒకసారి చూడాలి. కుర్రాడికి అయ్యే అసలు ఖర్చు కోట్లలో ఉండదు, మ్యాచ్‌లలో ఉంటుంది. పది మ్యాచ్‌ల్లో విఫలమయ్యే హక్కు ఇవ్వలేని జట్టు వాడిని ఎవరికైనా ఇచ్చేసి స్టార్‌ను తెచ్చుకోవడమే మేలు.

అందుకు సాక్షి ఉమ్రాన్ మాలిక్. 2022 పెద్ద వేలానికి ముందు సన్‌రైజర్స్ విలియమ్సన్‌ను 14 కోట్లకు, ఇద్దరు జమ్మూకశ్మీర్ కుర్రాళ్లు ఉమ్రాన్, అబ్దుల్ సమద్‌లను చెరి నాలుగు కోట్లకు ఉంచుకున్నారు. రషీద్ ఖాన్ బయటికి పోయాడు. ఉంచుకునే జాబితాలో మొదటి స్థానం అడిగాడని, కుదరలేదని అప్పటి వార్తలు. ఐదు సీజన్లలో 93 వికెట్లు తీసినవాడు. గుజరాత్ 15 కోట్లిచ్చి తీసుకుంది, అదే ఏడాది కప్పు కొట్టింది. కుర్రాళ్లను నమ్మారని అప్పట్లో సన్‌రైజర్స్‌ను మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు, ఎందుకంటే ఉమ్రాన్ ఆ సీజన్‌లో 157 కిలోమీటర్ల వేగం చూపించి 22 వికెట్లు తీశాడు. అయితే ఆ నమ్మకం ఏడాదితో ఆగిపోయింది. 2023లో ఎనిమిది మ్యాచ్‌లు, 2024లో ఒక్కటే. 2025కు కోల్‌కతా అతడిని 75 లక్షలకు కొంది. విలియమ్సన్‌ను 2022 అవ్వగానే వదిలేశారు, సమద్ 2025కు లక్నోకు వెళ్లాడు. రషీద్‌ను కాదని 22 కోట్లు పోసిన ముగ్గురిలో మూడేళ్ల తర్వాత ఒక్కరూ లేరు, ముగ్గురికీ బదులుగా వచ్చింది సున్నా. ఉమ్రాన్ విలువ ఆకాశంలో ఉన్న 2022 నవంబరులో ట్రేడ్ చేసి ఉంటే ఓ మంచి స్పిన్నర్ వచ్చేవాడు. లేదా గాయాలు, లయ తప్పడం ఎన్ని వచ్చినా ఆడిస్తూ పోవాల్సింది. వాళ్లు రెండూ చేయలేదు.

స్టార్ల బేరాల్లోనూ ఇదే కొలత పనిచేస్తుంది. 2023కు హ్యారీ బ్రూక్‌కు 13.25 కోట్లు పెట్టారు. ఈడెన్ గార్డెన్స్‌లో ఓ సెంచరీ, మొత్తం సీజన్‌లో 190 పరుగులు, ఆపై సెలవు. ఏ స్థానంలో ఆడించాలో జట్టుకే తెలియలేదు. అదే వేలంలో 5.25 కోట్లకు వచ్చిన క్లాసెన్‌కు మాత్రం ఒక్కటే పని చెప్పారు, మధ్య ఓవర్లలో స్పిన్‌ను చితక్కొట్టమని. 2025కు అతడిని 23 కోట్లకు ఉంచుకున్నారు. ధర చూసి స్టార్ అనడం వేలం గది అలవాటు. జట్టుకు కావలసింది ఖాళీగా ఉన్న ఒక చోటు, ఆ చోటుకు సరిపోయే మనిషి. హెడ్, కమిన్స్ పక్కన అభిషేక్, నీతీశ్ కుమార్ రెడ్డి ఎదిగిన తీరు చూస్తే, స్టార్ ధరలో కొంత భాగాన్ని కుర్రాళ్ల చదువు ఖర్చు కింద రాసుకోవచ్చు.

కబడ్డీలో ఇంకా సూటిగా తేలింది. తెలుగు టైటాన్స్ 2023లో పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్లకు కొంది, అప్పటికి లీగ్ చరిత్రలో అదే రికార్డు. 22 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి చిట్టచివర నిలిచింది. కబడ్డీలో ఒక్క రైడర్ అవుటై బయట కూర్చుంటే వాడి మీద పెట్టిన కోట్లు కూడా బయటే కూర్చుంటాయి. 2025లో పవన్ లేకుండా, విజయ్ మాలిక్ నాయకత్వంలో, పేరు పెద్దగా లేని జట్టు ప్లేఆఫ్స్‌లో మెట్లెక్కింది. స్టార్ తప్పు కాదిది. డిఫెన్స్ కొనడానికి డబ్బు మిగల్చని బేరం తప్పు.

హైదరాబాద్ ఎఫ్‌సీ గురించి రాయాలంటే బాధ. మనోలో మార్కెజ్ చేతిలో ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, మన నగరం కుర్రాడు మహమ్మద్ యాసిర్ లాంటి పిల్లలూ, ముందు వరసలో గోల్ యంత్రం ఓగ్‌బెచే. ఈ వ్యాసంలో అడుగుతున్న మేళవింపు సరిగ్గా అదే. 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ గెలిచింది. అంతకు ముందే లిస్టన్ కొలాకోను మోహన్ బగాన్‌కు అమ్మింది, కోటి రూపాయలని వార్తలు. ఆ అమ్మకం మీద నాకు ఫిర్యాదు లేదు, ఆ డబ్బుతోనో లేకుండానో కప్పు వచ్చింది. ఆ తర్వాత ఒక్కొక్కరే పోయారు, జీతాల బకాయిలు మొదలయ్యాయి, 2023–24లో 22 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. కుర్రాడా, స్టారా అన్న చర్చకు ముందు నెల జీతం పడిందా అన్న చర్చ ఒకటుంటుందని ఐదేళ్లలో ఆ క్లబ్బు చూపించింది.

మళ్లీ సన్‌రైజర్స్‌కు వస్తే, 2025 పెద్ద వేలానికి ముందు క్లాసెన్‌కు 23, కమిన్స్‌కు 18, అభిషేక్, హెడ్‌లకు చెరి 14, నీతీశ్ కుమార్ రెడ్డికి 6. ఐదుగురికే 75 కోట్లు, 120 కోట్ల పర్సులో మిగిలింది 45. బౌలింగ్ పలచబడింది, జట్టు ఆరో స్థానంలో ఆగింది. పది కోట్లకు కొన్న షమీని ఏడాది తిరగ్గానే లక్నోకు ట్రేడ్ చేశారు. షమీ వైఫల్యం మీద నవ్వినవాళ్లు ఈ మార్పును గమనించలేదు. వేలంలోకి వదలకుండా సొమ్ము వెనక్కి తెచ్చుకున్నారు. అదే నవంబరులో చెన్నై, రాజస్థాన్‌లు జడేజా, సామ్ కరన్‌లను ఇటు, సంజూ సామ్సన్‌ను అటు మార్చుకున్నాయి. లీగ్ మొత్తానికి ట్రేడ్ అంటే బెరుకు పోతోంది.

ఆ ఐదుగురిలో విశాఖ కుర్రాడు నీతీశ్ మీదే నా కన్ను. 20 లక్షలకు కొన్నారు, రెండు సీజన్లు ఆ జీతానికే ఆడాడు, 2024లో ఎమర్జింగ్ ప్లేయర్ అయ్యాడు, ఆ డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో 114 కొట్టాడు. ధర ముప్ఫై రెట్లు పెరిగినా ఆరు కోట్లంటే ఈ రోజుల్లో చవకే. 2025లో బ్యాట్ మూగబోయింది, గాయాలతో బౌలింగ్ సగమైంది. ఇప్పటి ఒప్పందాల చక్రం 2027 సీజన్‌తో ముగుస్తుంది. అప్పటి దాకా అతడిని నాలుగో స్థానంలో, ఓటమి వచ్చినా కదపకుండా ఆడించగలరా అన్నది వెటోరీ తేల్చుకోవాలి. ఆడించగలిగితే 2028కి ముందు ఉంచుకునేవాళ్ల జాబితాలో అతడి పేరు ముందు వరసలో ఉండాలి. ఆడించలేకపోతే 2026 నవంబరు ట్రేడ్ కిటికీలో అతడికి బదులు ఓ నికార్సయిన భారత ఫాస్ట్ బౌలర్‌ను అడిగితే ఇచ్చే జట్లు కనీసం రెండు మూడు ఉంటాయి. ఆ మరుసటి ఏడాదికి అడిగితే ఎవరూ ఇవ్వరు, వేలంలోనే తీసుకుంటామంటారు.